ఖాళీ వాహకం సంగతి ఎందుకు చెప్పరు?

సంపాదకులకు,

నమస్కారం. మూలికల సారాన్ని కంటికి కనిపించనంత చిన్నవైన నానో కణాల్లో నింపి పుండ్లను మాన్పడం గురించి మీ విజ్ఞాన పుటలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. విషయం మంచిది. మందుల తయారీ శాస్త్రాన్ని చాలా ఏళ్లు బోధించినవాణ్ని కనుక ఆ పుట తెరవగానే సంతోషం కలిగింది కూడా. అయితే వ్యాసం ముగిసేసరికి ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. పసుపు సారం నింపిన కణాలు పూసిన పుండ్లు, ఏమీ పూయని పుండ్లకంటే త్వరగా మానాయని రాశారు. సారం నింపకుండా అవే కణాలను పూస్తే పుండ్లు ఎలా మానాయో మాత్రం రాయలేదు. ఈ రంగంలో వచ్చే వార్తలను తూచడానికి ఇంతకంటే మంచి తూకపురాయి నాకు తెలియదు కనుక, దాని గురించి కొంత వివరంగా రాయడానికి అనుమతించండి.

మందును మోసుకుపోయే ఇలాంటి కణాలనే వాహకం అంటాం. అసలు వాహకం అవసరం ఎందుకు వచ్చిందో ముందుగా చెప్పాలి. మూలికల్లో పనిచేసే పదార్థాలు చాలావరకు చెప్పిన మాట వినేవి కావు. కొన్ని నీటిలో కరగవు, కొన్ని కరిగినా నిలవవు, కొన్ని వెలుతురు సోకితే చెడిపోతాయి. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్‌లో ఈ మూడు గుణాలూ ఒక్కచోటే చేరాయి. 1815లో వేరుచేసిన, 1910లో అణునిర్మాణం తెలిసిన ఈ పదార్థం నీటిలో దాదాపు కరగదు. ఎలాగో కరిగించినా, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 ఉన్న ఫాస్ఫేట్ లవణ ద్రావణంలో, శరీరపు వేడి దగ్గర, అరగంట గడిచేసరికి పదింట తొమ్మిది వంతులు విచ్ఛిన్నమైపోతుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం పీహెచ్ 4 నుంచి 6 వరకు ఆమ్లంగా ఉంటుంది. మానని పుండ్ల ఉపరితలం తరచుగా 7 దాటి, ఒక్కోసారి 8 దాకా పోతుంది. అంటే మందు ఎక్కడ కావాలో అక్కడే అది తొందరగా నశిస్తుందన్నమాట. ఉదయం కలిపిన చిక్కటి పసుపు ద్రావణం తిరిగి వచ్చి చూసేసరికి వెలవెలబోయిందని నా విద్యార్థి ఒకరు కంగారుపడి, ఎవరో సీసా మార్చేశారని ఫిర్యాదు చేసిన రోజు నాకింకా గుర్తుంది. సీసాను ఎవరూ మార్చలేదు. కుర్కుమిన్ ఎప్పుడూ అలాగే ప్రవర్తిస్తుంది.

ఇలాంటి పదార్థాన్ని కాపాడి, పుండు దగ్గరకు చేర్చి, కొద్దికొద్దిగా వదలడానికే వాహకాలు. వీటిలో బాగా పేరున్నది లైపోజోమ్. జీవకణాల త్వచంలో ఉండే కొవ్వులవంటివాటిని నీటిలో కలిపితే అవి తమంతట తామే బోలు బుడగలుగా ఏర్పడతాయని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఎలెక్ బాంగమ్ 1960ల్లో చూపించారు. బుడగ గోడలో నూనెలో కరిగేవి ఒదుగుతాయి, లోపలి నీటిలో నీటిలో కరిగేవి ఉంటాయి. కేన్సర్ మందును ఇలా బుడగల్లో నింపిన డాక్సిల్‌కు 1995లో అమెరికాలో అనుమతి లభించింది కనుక, ఇది ప్రయోగశాల గడప దాటని విద్య అనడానికి వీల్లేదు. నీటిలో అతి చిన్న నూనె చుక్కలు చెదిరి ఉండే నానో ఎమల్షన్లు, గట్టి కొవ్వు కణాలు, రొయ్య పీత పెంకుల నుంచి తీసే కైటోసాన్ కణాలు, జిలటిన్ వంటివాటిని విద్యుత్తు సాయంతో సాలెపోగులకన్నా సన్నగా వడికి అల్లిన పొరలు, దానికి చుట్టాలు. ఒక మిల్లీమీటరు ఘనాన్ని 100 నానోమీటర్ల (మిల్లీమీటరులో పదివేలవ వంతు) ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం పదివేల రెట్లు పెరుగుతుంది. నానో అన్న మాటలోని బలమంతా ఈ చిన్న లెక్కలో ఉంది. కరగని పదార్థం కరుగుతున్నట్లు ప్రవర్తించడానికీ, కొద్దిపాటి మందు ఎక్కువ చోట తగలడానికీ కారణం అదే.

వ్యాసంలో ఈ కణాలు చర్మంలోకి లోతుగా చొచ్చుకుపోతాయని మెచ్చుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న చర్మానికైతే ఆ మెప్పు తగును, ఎందుకంటే చర్మం పైనుండే మృతకణాల పొర, మందంలో పదీ ఇరవై మైక్రోమీటర్లే అయినా, గట్టి కోటగోడ వంటిది. పుండులో ఆ గోడ కూలిపోయి ఉంటుంది. కూలినందువల్లనే దాన్ని పుండు అంటున్నాం. తెరిచి ఉన్న ఇంటికి తాళంచెవి తయారుచేసి ఏం లాభం? పుండులో ఎదురయ్యే చిక్కులు వేరు. ఊరే రసి మందును కడిగేస్తుంది. రసిలోని ప్రొటీన్లు కణాల మీద పూతలా అంటుకుని వాటి స్వభావాన్నే మార్చేస్తాయి. మానని పుండ్లలో అతిగా పేరుకునే ఎంజైములు చర్మానికి బలమిచ్చే ప్రొటీన్‌గా కొత్తగా అల్లుకుంటున్న కొల్లాజెన్‌తోపాటు జిలటిన్ వంటి వాహకాలనూ నరికేస్తాయి. ఇంకా లోపల సూక్ష్మజీవులు జిగురు పొర కప్పుకుని కూర్చుని ఉంటాయి. ఆ పొర సాధారణంగా రుణావేశం కలిగి ఉంటుంది కనుక ధనావేశం ఉన్న కణాలు దానికి బాగా అంటుకుంటాయి. అదే ధనావేశం ఎక్కువైతే మన చర్మకణాలకూ హాని చేస్తుంది. వాహకాన్ని రూపొందించేవాడి నైపుణ్యమంతా ఈ ఇరుకులో తెలుస్తుంది. పుండుకు పనికొచ్చే వాహకం లోతుకు దూసుకుపోనక్కరలేదు. రసిలో కొట్టుకుపోకుండా ఉన్నచోటనే నిలబడి, తగిన వేగంతో మందును వదిలితే చాలు. అందుకే ఇప్పుడు చాలామంది కణాలను నేరుగా పూయకుండా, నీరు నిండిన జెల్‌లోనో అల్లిన పొరలోనో ఇమిడ్చి పుండుపై పరుస్తున్నారు.

ఇక నా ప్రశ్నకు వస్తాను. వాహకం తాను మోసే మూలికను పక్కనపెట్టినా పుండుకు మేలు చేయగలదు. పుండు ఆరి పక్కు కడితేనే మంచిదని ఒకప్పుడు అనుకునేవారు. పలుచని పొరతో కప్పి తడిగా ఉంచిన గాయం మీద కొత్త చర్మం, గాలికి ఆరిన గాయం మీదకంటే సుమారు రెండింతల వేగంతో పరుచుకుంటుందని జార్జ్ వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పందుల మీద ప్రయోగం చేసి 1962లో ప్రకటించినప్పటి నుంచి ఆ అభిప్రాయం మారింది. కనుక ఏ జెల్ పూసినా, ఏ కొవ్వు కణాల లేపనం పూసినా, అందులో ఏ ఆకు సారమూ లేకపోయినా, పుండును తడిగా ఉంచినందుకే కొంత ఫలితం కనిపిస్తుంది. కైటోసాన్ మరో అడుగు ముందుంటుంది: రక్తస్రావాన్ని ఆపడానికి కైటోసాన్ కట్లు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి, సూక్ష్మజీవులను అడ్డుకునే గుణమూ దానికి కొంత ఉంది. సన్నగా వడికిన పొరలు శరీరంలోని కణాలు అల్లుకునే సహజమైన అల్లికను పోలి ఉండి, కొత్త కణాలు పాకడానికి పందిరిగా పనిచేస్తాయి. పందిరిని మరిచిపోయి పుణ్యమంతా దానిమీద పాకిన తీగకు కట్టబెట్టడం న్యాయం కాదు.

అందువల్ల ఇలాంటి పరిశోధనలో ఏమీ పూయని బృందంతో పోల్చి చూపితే సరిపోదు. ఖాళీ వాహకం పూసిన బృందం ఉండాలి; వాహకం లేకుండా అదే మోతాదులో సారం పూసిన బృందం ఉండాలి; ఇప్పుడు వైద్యులు వాడుతున్న మామూలు తడికట్టు వేసిన బృందమూ ఉండాలి. నింపిన వాహకం ఈ మూడింటినీ దాటినప్పుడే మూలికకూ నానోకూ కలిసి పేరు వస్తుంది. ఖాళీ వాహకంతో సమానంగా నిలిచిందా, మూలిక ఊరికే ప్రయాణం చేసినట్టు. వట్టి సారంతో సమానంగా నిలిచిందా, వాహకానికి పెట్టిన శ్రమ వృథా. నేను పరీక్షించిన విద్యార్థుల పరిశోధనల్లో ఈ బృందాలన్నీ ఉన్నవి తక్కువే. ఖాళీ వాహకం బృందం ఉన్నచోట కూడా దాని గీత పట్టికలో ఒక మూలన ఉండేది, సారాంశంలోకి ఎక్కేది కాదు.

ఈ పోలికకు ఎంత విలువ ఉందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. అందులో నానో వాహకం లేదు, మూలిక ఉంది. భూర్జ వృక్షపు బెరడు నుంచి తీసిన, ట్రైటెర్పీన్లు అనే పదార్థాలున్న సారాన్ని శుద్ధిచేసిన పొద్దుతిరుగుడు నూనెలో కలిపితే, మరేదీ చేర్చనక్కరలేకుండా అది జెల్‌గా గట్టిపడుతుంది. పదింట ఒక వంతు సారం, మిగతాది నూనె. తాకితేనే చర్మం ఊడివచ్చి పుండ్లు పడే ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా అనే వంశపారంపర్య వ్యాధి ఉన్న 223 మందిపై దీన్ని పరీక్షించారు. సారం ఉన్న జెల్ పూసినవారిలో ఎంపిక చేసిన పుండు 45 రోజుల్లోపు పూర్తిగా మూసుకున్నది 41.3 శాతం మందికి. సారం లేని, నూనె మైనం కలిపిన జెల్ పూసినవారిలో 28.9 శాతం మందికి. రెండవ అంకెను ఒక్క నిమిషం చూడండి. ఏ మూలికా లేని జెల్, మామూలు కట్టు, క్రమం తప్పని శుభ్రత: వీటితోనే నూటికి 29 మందికి పుండు మూసుకుంది. ఆ రెండవ బృందమే లేకపోతే 41 శాతమూ భూర్జ బెరడు మహిమే అని మనం రాసుకునేవాళ్లం. ఉంది కనుకనే అసలు మేలు నూటికి పన్నెండు మందికి అని తెలిసింది. 90వ రోజుకు ఆ తేడా కూడా గణాంకాల లెక్కకు నిలవనంతగా తగ్గింది. అయినా దారుణమైన ఆ వ్యాధికి అది చిన్న మేలు కాదు కనుక, ఫిల్సువెజ్ అన్న పేరుతో 2022లో ఐరోపాలో, 2023 డిసెంబరులో అమెరికాలో దీనికి అనుమతి ఇచ్చారు. మూలిక మందుగా మారిన ఈ దారిలో గొప్పలు లేవు, లెక్క ఉంది.

మీ వ్యాసంలో మరొక మాట నన్ను ఆపింది: సారాన్ని కణాల్లో నింపారట. సారం ఒక పదార్థం కాదు, వందల పదార్థాల కలగలుపు. మొక్కలో ఏ భాగం, ఏ కాలంలో కోసినది, ఏ ద్రావకంతో తీసినది అన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. పైగా వాహకం అన్నిటినీ సమానంగా ఎక్కించుకోదు. కొవ్వు కణంలో నూనెలో కరిగేవి సుఖంగా కూర్చుంటాయి, మిగతావి బయట నీటిలో ఉండిపోయి కడిగినప్పుడు పోతాయి. వేప ఆకు సారాన్ని కొవ్వు కణాల్లో నింపామంటే, నిజానికి ఆ సారంలోంచి ఒక వర్గాన్ని ఏరుకున్నామని అర్థం. కలబంద గుజ్జులోని ఎసిమనన్ నీటితో కలిసిపోయే పొడవాటి చక్కెర గొలుసు. దానికి కొవ్వు గోడలో చోటుండదు. మండూకపర్ణిలోని ఏషియాటికోసైడ్ చర్మకణాలచేత కొల్లాజెన్ తయారుచేయిస్తుందని పేరున్న పదార్థమే, కానీ చక్కెరలు తగిలించుకున్న బరువైన అణువు. అదే మొక్కలోని ఏషియాటిక్ ఆమ్లం స్వభావం వేరు. ఇన్నిటి మధ్య ఏదో ఒక్క పదార్థాన్ని గుర్తుగా పెట్టుకుని, అది 80 శాతం లోపలికి చేరిందని కొలిచి, సారమంతా 80 శాతం చేరిందన్నట్లు రాయడం ఈ రంగంలో అలవాటైపోయింది. సారం పేరు రాసేటప్పుడు గుర్తు పదార్థం ఎంత ఉందో కూడా రాస్తేనే ఆ పని మరొకరు తిరిగి చేసి చూడగలరు. తిరిగి చేయలేని పనిని వంటకం అనవచ్చునేమో, మందు అనలేం.

పసుపుకు వందల ఏళ్ల వాడుక ఉంది, ఇంకా రుజువులేమిటని కొందరు పాఠకులు నన్ను కోప్పడవచ్చు. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చినప్పుడు, అది కొత్త విషయం కాదని భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత రాతలు చూపి వాదించింది, 1997లో ఆ పేటెంట్ రద్దయింది. ఆ విజయాన్ని నేనూ గర్వంగానే పాఠంగా చెప్పేవాణ్ని. కానీ అక్కడ రుజువైనది ఆ జ్ఞానం పాతదని మాత్రమే; ఎంత పనిచేస్తుందన్నది ఆ కేసులో ప్రశ్నే కాదు. కుర్కుమిన్ రంగూ మెరుపూ రసాయన గుణమూ ప్రయోగశాల పరీక్షలనే తప్పుదారి పట్టించి, లేని ప్రభావాన్ని ఉన్నట్టు చూపగలవని ఔషధ రసాయన శాస్త్రజ్ఞులు 2017లో ఒక విస్తృతమైన సమీక్షలో హెచ్చరించారు. జీవకణాలు బతికున్నాయో లేదో రంగు మార్పుతో చెప్పే పరీక్షల్లో కొన్ని మొక్కల పదార్థాలు తామే రంగు మార్చేస్తాయి. చచ్చిన కణాలు బతికినట్లు లెక్కకు వస్తాయి.

సందర్భం వచ్చింది కనుక వెండి గురించీ రెండు మాటలు. ఆకు సారంతో తయారైన వెండి నానో కణాలను కూడా మీ వ్యాసం ఇదే గాటన కట్టింది. అక్కడ ఆకు సారం వెండి లవణాన్ని వెండి కణాలుగా మార్చడానికి ఉపయోగపడే రసాయనం మాత్రమే. పుండు మీద పనిచేసేది వెండి, మూలిక కాదు. వెండి సూక్ష్మజీవులను చంపుతుంది, మోతాదు మించితే కొత్తగా పుట్టే చర్మకణాలనూ చంపుతుంది. కాలిన గాయాలకు ఎంతోకాలంగా వాడుతున్న వెండి మందు సిల్వర్ సల్ఫాడయజీన్, ఇతర కట్లతో పోల్చితే మానుదలను ఆలస్యం చేస్తోందని, వైద్య పరీక్షల ఫలితాలను కూడగట్టి తూచే కాక్రేన్ సమీక్షలు చెప్పాయి. దాన్ని మూలికా వైద్యం పేరిట రాయడం పాఠకుణ్ని తికమకపెట్టడమే.

వ్యాసంలో ఎలుకల ప్రస్తావన ఒక్కచోట, ఒక్క పదంగా వచ్చిపోయింది. ఎలుక చర్మం కింద మనకు లేని పలుచని కండర పొర ఉంటుంది. గాయమైతే అది చర్మాన్ని సంచి మూతిలా దగ్గరకు లాగేస్తుంది. మన గాయం ప్రధానంగా కొత్త కండ నిండి, దానిమీద చర్మం పరుచుకోవడం ద్వారా మానుతుంది. ఎలుక వీపు మీది గాయం పన్నెండు రోజుల్లో మూసుకుందంటే అందులో చాలా భాగం ఆ లాగుడే. అందుకని గాయం చుట్టూ వలయం కుట్టి లాగుడును అడ్డుకునే పద్ధతి వచ్చింది. పంది చర్మం మన చర్మానికి మరింత దగ్గర. ఈ జాగ్రత్తలు తీసుకున్నారో లేదో ఒక వాక్యంలో చెప్పవచ్చు. గాయం ఎంత శాతం చిన్నదైంది అన్న కొలత కూడా మనుషుల దగ్గరికి వచ్చేసరికి చాలదు. చర్మం పూర్తిగా పరుచుకుని, రసి ఊరకుండా, కట్టు అవసరం లేకుండా ఉండి, రెండు వారాల తర్వాత చూసినా అలాగే ఉంటేనే మానినట్టు అని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో నిర్వచించింది.

ఆ ఎలుకకు మరో సుగుణం ఉంది: అది పడుచుది, ఆరోగ్యవంతురాలు, దాని గాయం అప్పుడే కోసినది. మనుషుల్లో అసలు బాధ మధుమేహంతో కాలిమీద పడి నెలల తరబడి మానని పుండ్లతో, మంచం పట్టినవారి ఒరుపు పుండ్లతో. అక్కడ రక్తప్రసరణ తగ్గి ఉంటుంది, పాదానికి స్పర్శ పోయి ఉంటుంది, నడిచిన ప్రతిసారీ పుండు మళ్లీ నలుగుతుంది. బరువు పడకుండా చూడటం, చచ్చిన కండను తీసేయడం, రక్తనాళాన్ని తెరవడం, చక్కెరను అదుపులో పెట్టడం జరగకుండా ఏ కణం పూసినా చేయగలిగింది కొంచెమే. మధుమేహ పాదంపై అంతర్జాతీయ బృందం 2023లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, మాన్పడం కోసమని మూలికలు కలిపిన కట్లు వాడవద్దని సూచించింది. మూలికల మీద ద్వేషంతో కాదు, తగిన రుజువు లేకపోవడంవల్ల. అదే పుండ్లకు సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ అనే లవణం కలిపిన కట్టు 2018లో ప్రచురితమైన పరీక్షలో 20 వారాలకు 48 శాతం మందికి మాన్పింది, ఆ లవణం లేని అదే కట్టు 30 శాతం మందికి మాన్పింది. ఇక్కడా ఖాళీ కట్టే సాక్షి.

తయారీలోని చిక్కుల్ని గురించి ఎక్కువ రాయను. తెరిచిన పుండుకు వాడేది క్రిమిరహితంగా ఉండాలి. 121 డిగ్రీల ఆవిరిలో పెడితే కొవ్వు బుడగలు చితికిపోవచ్చు. 220 నానోమీటర్ల రంధ్రాల జల్లెడలో వడకడితే అంతకన్నా పెద్ద కణాలు జల్లెడ పైనే ఉండిపోతాయి. గామా కిరణాలు కొవ్వును చెడగొట్టి, కైటోసాన్ గొలుసులను తెంపుతాయి. నిల్వలో కణాలు ఒకదానితో ఒకటి కలిసి గడ్డకట్టడం, మందు బయటకు కారడం వేరే కథ. ప్రయోగశాలలో తాజాగా చేసి అదే రోజు పూసిన లేపనానికీ, ఆరు నెలల తర్వాత మూత తీసే లేపనానికీ మధ్య ఉన్న దూరంలో ఎన్నో మంచి ఆలోచనలు ఆగిపోయాయి.

ఈ రంగం వట్టిదని చెప్పడానికి ఇదంతా రాయలేదు. నిలవని పదార్థాన్ని నిలబెట్టగల విద్య చేతికి వచ్చింది, మూలికల్లో పరీక్షించదగినవి ఎన్నో ఉన్నాయి. వాటిని కలిపి చూడాలనుకునే యువ పరిశోధకులను నిరుత్సాహపరచడం నా ఉద్దేశం కాదు. వారి వార్తలు రాసేటప్పుడు పాఠకుడికి దక్కవలసిన వివరం దక్కాలన్నదే నా విన్నపం. మీ వ్యాసానికి ఆధారమైన పరిశోధనలో ఖాళీ కణాలు పూసిన బృందం ఉండి ఉంటే, దాని అంకెలను వచ్చే వారం పుటలో ఒక్క వాక్యంగా ప్రచురించండి. ఆ బృందమే లేకపోతే, లేదని ప్రచురించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు